పేరు మిగిలిపోయిన ఆల్బమ్

ఆంటీ జ్ఞాపకార్థ కూడికకి ఒక మంచి ఫొటో కావాలని పాస్టర్ గారు ఫోన్ చేశారు. సంఘం వెబ్‌సైట్ ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను కాబట్టి ఆ పని నా మీద పడింది. ఒక పూటంతా కూర్చుని ఆల్బమ్‌లన్నీ తిరగేశాను. బాప్తిస్మాల ఆల్బమ్‌లో ఆంటీ ఉన్నారు గానీ కెమెరాకి వీపు పెట్టి ఎవరికో ఏదో గట్టిగా చెబుతున్నారు. క్రిస్మస్ ఆల్బమ్‌లో ఒక చెయ్యి మాత్రమే ఉంది. గాజుల్ని బట్టి అది ఆంటీ చెయ్యే, వేలు ఎవరినో హెచ్చరిస్తోంది. పిక్నిక్ ఆల్బమ్‌లో నోరంతా తెరిచి ఉంది. నోరు మూసుకుని, కుదురుగా, కెమెరా వైపు చూస్తున్న ఫొటో ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

చివరికి, వెతక్కముందు నుంచీ నా మనసులో ఉన్న ఫొటోనే పంపాను. కోత పండుగ రోజున ఆంటీ తన పెరట్లో కాసిన సొరకాయని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పగలబడి నవ్వుతున్న ఫొటో అది. "కూడికకి ఇది బాగుంటుందంటావా అమ్మా?" అని పాస్టర్ గారు నసిగారు. ఇదే బాగుంటుంది అయ్యగారూ అన్నాను. ఆయన సరేనన్నారు.

మాది మెల్‌బోర్న్‌లో, క్లేటన్ దగ్గర ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకుని ఆదివారాలు ఆరాధన జరుపుకునే తెలుగు సంఘం. సగం మంది యూనివర్సిటీలో చదువుకునే పిల్లలు, మిగతా సగం ఆ చదువు ఎప్పుడో అయిపోయి ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు. ఆంటీలకి కొదవ లేదు. పిల్లల ఆంటీ, బిర్యానీ ఆంటీ, సండే స్కూల్ ఆంటీ అని ఎవరికి వాళ్ళకి ఒక గుర్తు ఉండేది. ముందు ఏ మాటా తగిలించకుండా ఉట్టి "ఆంటీ" అంటే మాత్రం ఆమె ఒక్కరే. ఎక్కడ పుట్టారో, ఎప్పుడు ఇక్కడికి వచ్చారో, పిల్లలెందరో, అవన్నీ కూడికలో పాస్టర్ గారు చదివారు. అవి విన్నవాళ్ళకి ఆంటీ తెలిసినట్టు కాదు.

ఆంటీ తెలియాలంటే ముందు ఆ కళ్ళజోళ్ళు తెలియాలి. ఒకటి నెత్తి మీద, ఒకటి మెడలో తాడుకి, ఒకటి చేతిలో. ఆ మూడూ ఉండగానే నాలుగోదాని కోసం బ్యాగు వెతుక్కునేవారు. తలా ఒక వంట తెచ్చుకునే పొట్లక్‌కి వచ్చినప్పుడు, ఐస్ వేసుకునే ఎస్కీ పెట్టె ఒకటి ఈడ్చుకొచ్చేవారు. అందులో ఐస్‌క్రీమ్ డబ్బాలుంటాయి, ఒక్కదాన్లోనూ ఐస్‌క్రీమ్ ఉండదు. గోంగూర, చింతకాయ, దోసావకాయ. మూత తీసి చూసి మొహం వేలాడేసిన పిల్లల్ని చూసి ఆవిడకి ఏటా అదే సంబరం.

ఉద్యోగం ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో, డేటాబేస్‌లు చూసుకోవడం. ఆఫీసు భాషంతా సంఘంలోకి మోసుకొచ్చేవారు. ఎవరైనా పాట పాడి కూర్చోగానే, మిగతావాళ్ళు "ఆమెన్" అంటుంటే, వెనక వరుసలోంచి ఆంటీ గొంతు ఖంగుమనేది. "ఎర్రర్ లేదు!" పాట బాగున్నట్టు అన్నమాట. బాగోకపోతే అదీ దాచేవారు కాదు. "రెండో చరణంలో ఎర్రర్ ఉంది, వచ్చేవారం చూసుకో." బిర్యానీకీ అదే తీర్పు, పిల్లల నాటకానికీ అదే తీర్పు. ఒకసారి పాస్టర్ గారి ప్రసంగం మరీ సాగింది. బయట టీ దగ్గర ఆయన్ని పట్టుకుని, "ఎర్రర్ అయితే లేదు అయ్యగారూ, కానీ చెప్పిందే మళ్ళీ చెప్తా తిరుగుతా ఉంది" అన్నారు. పాపం ఆయన తర్వాతి వారం నుంచి గడియారం చూసుకుంటూ మాట్లాడటం మొదలుపెట్టారు.

నిజం చెప్పాలంటే మొదట్లో నాకు ఆంటీ అంటే భయం. ఆ తర్వాత విసుగు. ఒక మనిషికి అంత గొంతు ఎందుకు అనుకునేదాన్ని. ఆమె మీద ప్రేమ పుట్టింది ఒక శనివారం మధ్యాహ్నం. అది చెప్పాలంటే నా ప్రధానం సంగతి చెప్పాలి.

మావాళ్ళలో నిశ్చితార్థాన్ని ప్రధానం అంటారు. నాకు ఆ హాల్లోనే, ఆ సంఘం మధ్యలోనే జరిగింది. నీలం పట్టుచీర కట్టుకున్నాను, ఉంగరాలు మార్చుకున్నాం, సెక్రటరీ అంకుల్ ఆ సాయంత్రమే వెబ్‌సైట్‌లో ఆల్బమ్ పెట్టేశారు. పైన అతని పేరు, నా పేరు, ప్రధానం అని. కింద అందరూ దీవెనలు రాశారు. కొన్ని నెలలకి ఆ సంబంధం తప్పిపోయింది. ఎందుకు తప్పిందో ఇక్కడ చెప్పను. ఆంటీ అడగలేదు, మీరూ అడక్కండి.

ఆ ఫొటోలు అలా అందరికీ కనిపిస్తూ ఉండటం నాకు మింగుడు పడలేదు. సెక్రటరీ అంకుల్‌కి ఫోన్ చేశాను. ఆయన వెన్నలాంటి మనిషి. "నువ్వు నోరు తెరిచి అడగాలా అమ్మా? ఇప్పుడే తీసేస్తా" అన్నారు. తీసేశారు కూడా. ఆల్బమ్ తీయడానికి వెబ్‌సైట్‌లోనే ఒక బటన్ ఉంది. అది నొక్కి ఉంటే ఈ కథే లేదు. కానీ బటన్ నొక్కితే ఫొటోలు ఎక్కడో ఓ మూల మిగిలిపోతాయేమో, రేపెప్పుడైనా పైకి తేలి ఆడపిల్ల మనసు కష్టపడుతుందేమో అని ఆ మంచి మనిషి భయపడ్డారు. అందుకని నేరుగా సర్వర్‌లోకి వెళ్ళి ఫొటోలున్న ఫోల్డర్‌నే లేపేశారు. "వేళ్ళతో సహా పీకేశానమ్మా, నువ్వు నిశ్చింతగా ఉండు" అని మెసేజ్ పెట్టారు. నేను నిశ్చింతగానే పడుకున్నాను.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. ఆదివారం ఆరాధన మొదలయ్యేలోపు, జనం వచ్చి కూర్చునేదాకా, హాల్లో పెద్ద తెర మీద వెబ్‌సైట్ ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి. చివరగా పెట్టిన ఆల్బమ్ ముందు వస్తుంది, మా ప్రధానం తర్వాత ఇంకేదీ పెట్టలేదు. ఆ ఆదివారం నేను లోపలికి వచ్చేసరికి తెర మీద ఫొటోలు లేవు. తెల్లటి తెర, దాని మీద ఎర్రటి అక్షరాలు. ఆల్బమ్ దొరకలేదు అని ఇంగ్లీషులో, దాని కింద అతని పేరు, నా పేరు, ప్రధానం.

హాలంతా ఒక్కసారి గుసగుసలాడి, నన్ను చూసి, గుసగుసలు ఆపేసింది. సెక్రటరీ అంకుల్ పరుగెత్తుకెళ్ళి ప్రొజెక్టర్‌కి అడ్డంగా నిలబడ్డారు. దాంతో మా ఇద్దరి పేర్లూ తెర మీంచి పోయి ఆయన తెల్లచొక్కా మీద కనిపించాయి. నాకు తలకొట్టేసినట్టయింది. వెనక్కి తిరిగి కారు దగ్గరికి వెళ్ళిపోయాను.

తర్వాత తెలిసింది, ఆయన అంతటితో ఆగలేదని. ఆరాధన అయ్యాక కూర్చుని, ఫోల్డర్ లేదంటోంది కదా అని అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ ఒకటి పెట్టారు. అప్పుడు ఆ అక్షరాలు మారి, ఫలానా ఇద్దరి ప్రధానంలో ఫొటోలేమీ లేవు అని రావడం మొదలైంది. ఇంకేదో చేశారు. ఈసారి అసలు ఫొటోల పేజీయే తెరుచుకోలేదు. ఏళ్ళ తరబడి పెట్టుకున్న ఆల్బమ్‌లన్నీ ఆ ఎర్ర అక్షరాల వెనక ఇరుక్కుపోయాయి.

వచ్చే ఆదివారం కోత పండుగ. చుట్టుపక్కల సంఘాలవాళ్ళందరూ వస్తారు, అతని తల్లి కూడా వస్తుంది. ఆ రోజు పాటలో రెండో చరణం నేను ఒక్కదాన్నే పాడాలి. కమిటీలో ఉన్న ఐటీ తమ్ముళ్ళు, "ఎలాగూ ఓల్డ్ సైట్, మొత్తం డిలీట్ చేసి సోషల్ మీడియాలో పేజీ పెట్టేద్దాం, సింపుల్" అన్నారట. ఎవరో, "ఆ అమ్మాయి ఆల్బమ్ మూలానే కదా ఇదంతా" అన్నారట. ఆ మాట నా చెవిదాకా వచ్చింది. పేరు తీయించుకుందామని వెళితే, సంఘం ఫొటోలన్నీ పోగొట్టిన పిల్లగా పేరు మిగిలేట్టుంది. క్వయర్‌కి రానని మెసేజ్ పెట్టేశాను. ఊరికి అటు చివర గదులేమైనా ఖాళీగా ఉన్నాయేమోనని వెతకడం మొదలుపెట్టాను. ఇంకో సంఘం, ఇంకో హాలు, ఎవరికీ నా పేరు తెలియని చోటు.

కమిటీలో ఆంటీ ఏమన్నారో తర్వాత సెక్రటరీ అంకులే చెప్పారు. "ఒక పిల్ల పేరు తియ్యటం చేతకాక ఇంతమంది ఫొటోలు తగలేస్తారా? చెట్టుకి పురుగు పడితే తోట నరుకుతారంటయ్యా? శనివారం దాకా ఎవరూ దాన్ని ముట్టుకోమాకండి. ముట్టుకున్నారో, గోంగూర బంద్!" అన్నారట. ఎవరూ ముట్టుకోలేదు.

వారం మధ్యలో పని నుంచి వచ్చేసరికి మా గేటు ముందు ఆంటీ కారు ఉంది. అద్దం దించి మొదలుపెట్టారు.

"అమ్మాయ్, తెర మీద ఎర్రర్ వచ్చింది కదా. చదివావా?"

"లేదు ఆంటీ."

"మరేం చేశావ్?"

"ఏడ్చాను."

"ముందు చదవాలే పిచ్చిదానా. తర్వాత ఏడవొచ్చు, ఏడుపు ఎక్కడికి పోద్ది? శనివారం అర్వో, అదే మధ్యాహ్నం, మా ఇంటికి రా. తినకుండా రా."

అయ్యో అనలేదు, ఎలా ఉన్నావనలేదు, దేవుడు చూసుకుంటాడనలేదు. అద్దం ఎత్తి వెళ్ళిపోయారు. ఆ వారమంతా నా మీద జాలిపడని మనిషి ఆమె ఒక్కరే. అందుకే వెళ్ళాను.

వంటింట్లో బల్ల మీద ఒక పక్క లాప్‌టాప్, ఇంకో పక్క గోంగూర కట్టలు. నన్ను గోంగూర వైపు కూర్చోబెట్టారు. "నువ్వు వలువు, నేను బ్యాకప్ తీస్తా. బ్యాకప్ తియ్యకుండా నేను ప్రార్థన కూడా చెయ్యను." ఆకు వలుస్తుంటే చేతులు కుదుటపడ్డాయి. చేతులతో పాటు నేనూ.

"ఇప్పుడు చూడు. మీ సెక్రటరీ అంకుల్ ఇంట్లో సామానంతా లారీ ఎక్కించేశాడు. గుమ్మం మీద పేరు పలక మాత్రం అట్టానే ఉంచేశాడు. ఇప్పుడు పోస్టుమాన్ రోజూ వచ్చి తలుపు కొట్టి, ఇంట్లో ఎవరూ లేరని వీధంతా వినపడేట్టు అరుస్తున్నాడు. పోస్టుమాన్ తప్పేముంది? పలక తీస్తే సరిపోద్ది."

పలకలున్న చోటు తెరిచి చూపించారు. ఫొటోలు ఒక చోట, వాటి వివరాలు వేరే చోట. ఆ వివరాల్లో ఆల్బమ్ పేర్లు ఒక పట్టిక, ఒక్కో ఫొటో సంగతి ఇంకో పట్టిక, కింద జనం రాసిన మాటలు మరో పట్టిక. సెక్రటరీ అంకుల్ ఖాళీ చేసింది మొదటి చోటు. రెండో చోట మా ప్రధానం చెక్కుచెదరకుండా ఉంది.

"లోపలి నుంచి బయటికి రావాలి. ముందు మాటలు, తర్వాత ఫొటోల వివరాలు, ఆఖర్న పేరు. ముందూ వెనకా చేస్తే ఇంకో గొడవ. మాటలు చదివి తీస్తావా, చదవకుండా తీస్తావా? నీ ఇష్టం."

చదివాను. కలకాలం చల్లగా ఉండండి, చూడముచ్చటైన జంట, దేవుడు దీవించును గాక. ఒక్కోటి గుచ్చుకుంది. మధ్యలో ఆంటీ పేరుతో ఒకటి. "పిల్ల గొంతు బాగుంది. పెళ్ళయినాక కూడా క్వయర్ మానొద్దు." జంట గురించి ఒక్క ముక్క లేదు. నేను ఆమె వైపు చూశాను.

"నాదీ తీసెయ్" అన్నారు, వేరే కళ్ళజోడు కోసం వెతుక్కుంటూ. "కావాలంటే మొహం మీదే చెప్తా."

లాప్‌టాప్ నా వైపు తిప్పారు. "నువ్వే కొట్టు. నీ పేరు ఇంకోళ్ళు తియ్యటమేంది?" ఆమె చెబుతుంటే నేను టైప్ చేశాను. మాటలు పోయాయి. ఫొటోల వివరాలు పోయాయి. ఆఖరి లైను టైప్ చేసి ఎంటర్ మీద వేలు పెట్టబోతుంటే టక్కున ఆ మీట మీద తన అరచెయ్యి పెట్టేశారు.

"ఆగు. ఏ ఆల్బమో రాయకుండా కొడితే అందరివీ పోతాయి. రాశావా?"

"రాశాను ఆంటీ."

"పైకి చదువు. ఎవరి ఆల్బమ్ తీస్తున్నావ్?"

"నాది."

"ఇంకెవరిదన్నా పోద్దా?"

"పోదు. నాదొక్కటే."

"అయితే గట్టిగా కొట్టు."

కొట్టాను. ఒక వరుస తొలగించబడింది అని వచ్చింది. అంతే. అన్ని రోజులు నా గుండె మీద కూర్చున్నది ఒక్క వరుస. నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. "ఇప్పుడు ఏడువు, పర్లేదు" అన్నారు ఆంటీ. కానీ ఏడవడానికి తీరిక దొరకలేదు, వెబ్‌సైట్ తెరిస్తే మళ్ళీ ఎర్ర అక్షరాలు.

నా ప్రాణం ఉసూరుమంది. ఆంటీ మాత్రం కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. "చదువు, చదువు! ఇది వేరే ఎర్రర్! కొత్తది వచ్చిందంటే పాతది పోయినట్టే కదే!" చదివాను. ఈసారి అందులో నా పేరు లేదు. మొదటి పేజీలో పైన కనిపించే పెద్ద బొమ్మ దొరకడం లేదట. సెక్రటరీ అంకుల్ ప్రేమకొద్దీ ఆ చోట మా ఉంగరాల ఫొటో పెట్టి మర్చిపోయారు.

"దాని బదులు ఏదో ఒకటి పెట్టు" అన్నారు. నేను ఆల్బమ్‌లన్నీ చూసి సొరకాయ ఫొటో పెట్టాను. "నాదెందుకే, వేరేది పెట్టు, పళ్ళన్నీ కనపడతన్నాయి" అని కేకలేశారు. ఆమె మాట నేను వినకపోవడం అదే మొదటిసారి. పేజీ తెరుచుకుంది. ఆంటీ, సొరకాయ, వాటి కింద బాప్తిస్మాలు, పిక్నిక్‌లు, క్రిస్మస్‌లు, తిరిగి ఇండియా వెళ్ళిపోయినవాళ్ళు, పెద్దవాళ్ళయిపోయిన పిల్లలు, అందరూ వరసగా వచ్చేశారు. మేమిద్దరం ఆ వంటింట్లో గంతులేశాం. గోంగూర సగం నేల మీద పడింది. నాకు జన్మలో ఏ పరీక్ష పాసైనప్పుడూ అంత గర్వం కలగలేదు.

తర్వాత రోజు కోత పండుగకి హాల్లోకి తల ఎత్తుకుని వెళ్ళాను. తెర మీద ఫొటోలు హాయిగా తిరుగుతున్నాయి. సెక్రటరీ అంకుల్ తెరని చూసి, నన్ను చూసి, కళ్ళు తుడుచుకున్నారు. ఐటీ తమ్ముళ్ళలో ఒకడు, "హౌ డిడ్ యూ ఫిక్స్ ఇట్ అక్కా?" అని అడిగాడు. "చదివాను" అన్నాను. నాతో ఉంగరాలు మార్చుకున్నతని తల్లి ఎదురైతే వందనాలు చెప్పాను. ఆమె కూడా వందనాలమ్మా అంది. వెళ్ళి క్వయర్ వరుసలో నిలబడ్డాను.

పాట వచ్చింది. రెండో చరణం నేను ఒక్కదాన్నే పాడాను. హాలు చివరిదాకా వినపడేట్టు పాడాను. అందరూ ఆమెన్ అనకముందే వెనక వరుసలోంచి ఖంగుమని వినపడింది. "ఎర్రర్ లేదు!" ఆ రోజు హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. నేను ఊరికి అటు చివర గది తీసుకోలేదు. క్వయర్ మానలేదు. ఆ ఏడాదే వెబ్‌సైట్ పని సెక్రటరీ అంకుల్ చేతుల్లోంచి నా చేతుల్లోకి వచ్చింది. ఆయనే ఎంతో సంతోషంగా ఇచ్చేశారు.

పోయిన ఆదివారం ఆంటీ కూడికలో తెర నిండా ఆ సొరకాయ నవ్వే ఉంది. ఏడుస్తూ వచ్చినవాళ్ళు దాన్ని చూసి నవ్వారు, నవ్వినందుకు మళ్ళీ ఏడ్చారు. ఆమెకి ఇష్టమైన పాట నన్ను పాడమన్నారు. పాడాను. రెండో చరణంలో ఒక లైను మింగేశాను, తర్వాతి లైనులో అందుకున్నాను. పాట అయిపోయింది. అందరూ ఆమెన్ అన్నారు. నేను అలవాటు కొద్దీ వెనక వరుస వైపు చూశాను. అక్కడ ఎస్కీ పెట్టె తెచ్చి పెట్టారెవరో, దాని పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. ఆ మాట ఎవరైనా అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు.

అందుకని మైకు పట్టుకుని నేనే అన్నాను. "రెండో చరణంలో ఎర్రర్ ఉంది ఆంటీ. వచ్చేవారం చూసుకుంటాను."